పాఠానికి ముందు చెప్పులు విప్పే మనిషి

ఆయన పోయారన్న సంగతి నాకు ఫోన్లో తెలిసింది. మా టీచర్ల గ్రూపులో ఎవరో ఆయన పాత పాస్‌పోర్టు ఫోటో పెట్టి, చుట్టూ పూలదండ బొమ్మ తగిలించి, "రిటైర్డ్ బయాలజీ ఉపాధ్యాయులు ఈ ఉదయం నందికొట్కూరులో స్వర్గస్థులైనారు" అని రాశారు. కింద అప్పటికే చాలామంది దండాలు పెట్టేశారు. నేనూ ఒక దండం పెట్టబోయి ఆగిపోయాను. నా పేరు చూస్తే ఎవరికైనా ఆ పాత ఎంక్వైరీ గుర్తొస్తుందేమో అనిపించింది. చచ్చిపోయిన మనిషికి దండం పెట్టడానికి కూడా అటూ ఇటూ చూసుకునే రకం నేను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. రాస్తున్నది ఆయన గురించే అయినా, మధ్యలో నా పిరికితనం అడ్డం వస్తూనే ఉంటుంది.

నిజానికి ఆయనా పిరికివారే. జీవపరిణామం పాఠం చెప్పి చిక్కుల్లో పడ్డ మాస్టారు అనగానే అందరూ బల్లగుద్ది వాదించే మనిషిని ఊహించుకుంటారు. అలాంటిదేమీ లేదు. బక్కపలచటి మనిషి, పెద్ద చెవులు, నుదుటి మీద విభూతి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు. ముంజేతికి కడప దర్గాలో కట్టించుకున్న దారం ఉండేది. మెరుపు మెరిస్తే జేబులోంచి తాళంచెవులు తీసి బల్లమీద పెట్టి, దూరంగా జరిగి నిలబడేవారు. క్లాసులోకి కుడికాలు పెట్టే వెళ్ళేవారు, పొరపాటున ఎడమకాలు పడితే వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళేవారు. పామును పాము అని ఎన్నడూ అనలేదు. తొమ్మిదో తరగతికి సరీసృపాలు చెప్తూ కూడా "ఈ పురుగుకి బయటికి చెవులుండవు నాయనా" అనేవారు. బోర్డు మీద దాని బొమ్మ వేశాక, గంట కొట్టగానే అన్నిటికంటే ముందు దాన్ని తుడిపేసేవారు. స్టాఫ్ రూములో ఇదంతా చెప్పుకుని నవ్వేవాళ్ళం. ఆయనా మాతో పాటు నవ్వేవారు.

నా మొదటి పోస్టింగు ఆయన పనిచేసే బడిలోనే పడింది. బేతంచెర్ల వైపు ఒక బండల ఊరు. చుట్టూ గనులు, మధ్యలో పాలిష్ ఫ్యాక్టరీలు, చెట్ల ఆకుల మీదా తినే అన్నం మీదా తెల్ల దుమ్ము. బయాలజీకి ఇద్దరం. ఆయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు, నేను ప్రొబేషన్లో ఉన్నాను. అప్పట్లో పదో తరగతి పుస్తకంలో పరిణామం పాఠం ఉండేది. జీవులు ఎట్లా మారుతూ వచ్చాయి, మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు అనే పాఠం. అదంటే నాకు చచ్చేంత భయం. ఎవరైనా లేచి "మరి దేవుడు చేయలేదా మేడం" అని అడిగితే ఏం చెప్పాలో బి.ఎడ్.లో ఎవరూ నేర్పలేదు. అందుకని నా సెక్షన్ పిల్లల్ని కూడా ఆయన క్లాసులో కూర్చోబెట్టి, "మీరు చెప్పండి సార్, నేను వెనక కూర్చుని నేర్చుకుంటాను" అన్నాను.

ఆయన నా ముఖం చూసి అడిగారు. "భయమేస్తాందా తల్లీ?"

"అవును సార్."

"నాకీ ఏస్తాది. ముప్పై ఏండ్లుగా ఏస్తానే ఉండాది. చెప్తే ఒక భయం, చెప్పకుంటే ఇంగొక భయం. నాకి రెండోదే ఎక్కువ. అందుకని చెప్తాండా."

"చెప్పకపోతే భయమేముంది సార్?"

"ఈ పిల్లోల్లలో ఎవురో ఒకరు రేపు పెద్దయి, యాడో బస్టాండులో కనపడి, 'సార్, నీకి తెలుసు గదా, మాకెందుకు చెప్పలేదు' అని అడిగితే నేను యాడికి పోవల్ల?"

అప్పుడు నేను నవ్వేశాను. ఉద్యోగం ఊడుతుందనో, ఊరివాళ్ళు కొడతారనో భయపడతారు గానీ, బస్టాండులో ఎవరో అడుగుతారని భయపడే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఆయన టిఫిన్ సంచిలో అరచేతిలో పట్టేంత రాయిముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. ఒకవైపు నున్నగా పాలిష్ పెట్టించారు. దానిమీద గుండ్రటి గీతలు, ఒకదాని లోపల ఒకటి, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు కనిపించేవి. పాఠం చెప్పేటప్పుడు అది బెంచీల మీద చేతులు మారుతూ తిరిగేది. అంత చిన్న ముక్క అరవై మందికి చాలడం లేదని, ఒకరోజు బడి వదిలాక నన్ను వెంటబెట్టుకుని ఒక పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్ళారు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కడప వైపు నుంచి వచ్చే కొన్ని రాళ్ళను కోస్తే లోపల ఆ చక్రాలు బయటపడతాయి. అట్లాంటి బండను పనివాళ్ళు నేలకు వేయనివ్వరు. అది దేవుడి గుర్తు, దానిమీద కాలు పడకూడదు అంటారు. హిందువులదీ అదే మాట, ముస్లింలదీ అదే మాట. దాన్ని నిలబెట్టి గోడకు ఆనించి పక్కన పెట్టేస్తారు. ఆ ఫ్యాక్టరీ యజమానిని మా సారు సాబూ అని పిలిచేవారు. పాతికేళ్ళ పరిచయం వాళ్ళది. సాబు మమ్మల్ని వెనక గోడ దగ్గరికి తీసుకుపోయి, నడుమెత్తు ఉన్న ఒక బండ మీద నీళ్ళు చల్లాడు. దుమ్ము పోయి చక్రాలు తేలాయి. ఎన్నో చక్రాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.

"చూడు సార్, ఎంత సక్కంగా గీసినాడో," అన్నాడు సాబు. "నా మిషనుకి కొత్త బ్లేడేసి నేనే నిలబడి కోసినా ఇంత గుండ్రంగా రాదు. గీసేటోడు లేకుండా గీత యాణ్ణించి వస్తాది? నువ్వు పిల్లోల్లకి వేరే చెప్తాండావంట గదా."

"గీసినాయన సంగతి నువ్వు చెప్పు సాబూ. దేంతో గీసినాడో అది నేను చెప్తా."

"దేంతో?"

"పాచితో."

సాబు నా వైపు చూశాడు, సారుకేమైనా అయిందా అన్నట్టు. "నీళ్ళతొట్టికి పట్టే పాచా?"

"ఆ మాదిరిదే. మనం నిలబడిన ఈ తావున ఒకప్పుడు సముద్రం ఉండె."

"ఈడ సముద్రమా? బిందెడు నీళ్ళకి ట్యాంకరు కోసం పొద్దన్నుంచి చూస్తాండామప్పా."

సారు వదల్లేదు. వేళ్ళతో చూపిస్తూ చెప్పుకొచ్చారు. లోతు తక్కువ నీళ్ళలో పాచి పట్టిందని, దానిమీద సన్నటి మట్టి పేరుకుందని, వెలుతురు కోసం పాచి మళ్ళీ పైకి పాకిందని, అట్లా పొర మీద పొర లేచి రాయి అయిపోయిందని. నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే అన్నారు. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేదు. "మనం పీల్చే గాలుండాది చూడు, దాన్ని మొదట ఇడిసిపెట్టింది ఆ పాచే. అది బతికింది కాబట్టి దాని ఎనకాల తక్కినవన్నీ వచ్చినాయి. నువ్వూ నేనూ ఈ మేడమూ గూడా."

సాబు బండ మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు: "అట్లయితే దీనిమింద ఇంగా కాలు పెట్టగూడదు సార్. మనకంతా అవ్వ గదా ఇది."

సారు ముఖం వెలిగిపోయింది. "అదీ మాట. ముప్పై ఏండ్లుగా నాకి దొరకని మాట," అన్నారు. ఆ దుమ్ములోనే చెప్పులు విప్పి పక్కన పెట్టి, బండకు దండం పెట్టారు. సాబు దాన్ని ఊరికే ఇచ్చేశాడు, ట్రాలీలో వేయించి బడికి పంపాడు. ల్యాబు గదిలో గోడకు ఆనించి నిలబెట్టాం.

ఆ రోజు నుంచి ఆయన పాఠం చెప్పే పద్ధతి మారింది. పరిణామం పాఠం నడిచినన్నాళ్ళూ, పిల్లల్ని ల్యాబుకు పిలిచి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చేవారు. బండకు దండం పెట్టి, చేతిని కళ్ళకద్దుకుని, అప్పుడు చాక్‌పీసు అందుకునేవారు. పిల్లలు ఊరుకుంటారా? "చెప్పులెందుకు ఇప్పినారు సార్" అని అడిగేవాళ్ళు. ఏ సెక్షన్ అడిగినా ఒకటే జవాబు: "పెద్దోల్ల ముందర చెప్పులేసుకుంటామా నాయనా?" పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే వాళ్ళూ విప్పేవాళ్ళు. మొదటి ఏడాది ఆ పాఠం ఏ గొడవా లేకుండా గడిచిపోయింది. దేవుడు చేయలేదా అని ఒక పిల్లవాడు అడగనే అడిగాడు. "ఎవురు చేసినారో ఇంట్లో మీ అమ్మానాయన చెప్తారు, వాల్ల మాట ఇనండి. ఎట్ల జరిగిందో నేను చెప్తా, నా మాట గూడా ఇనండి," అన్నారు సారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఆ జవాబును నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఒకరోజు బస్సు కోసం ఇద్దరం నిలబడి ఉన్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. "సార్, మీరు నిజంగా దేవుణ్ణి నమ్ముతారా?"

ఆయన చుట్టూ చూశారు, ఎవరైనా వింటున్నారేమో అని. పక్కన ఒక మేకల మంద తప్ప ఎవరూ లేరు.

"నమ్ముతా తల్లీ. అదే నా భయం. పాచి కాణ్ణించి మనిషి దాంక అంతా దానంతట అదే వచ్చింది అనుకో. అప్పుడు శనివారం నేను ఎవురి కోసం పస్తుంటాండా? అట్ల అనుకున్న రోజు నాకి కాళ్ళలో సత్తువుండదు. కాదు, ఆయనే చేసినాడు అనుకో. ఎట్ల చేసినాడో రాతిమింద రాసి మరీ పెట్టినాడు. దాన్ని చదివి గూడా పిల్లోల్లకి అబద్ధం చెప్తే నన్నిడుస్తాడా? అది ఇంగా పెద్ద భయం." మేకలకు దారి వదిలి, "యా పక్కన చూసినా చెప్పక తప్పదు," అన్నారు. బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు కూడా కుడికాలే పెట్టారు.

పొరపాటు మా ఇద్దరి దగ్గరే మొదలైంది. మా బడి ఆయా ఒక శుక్రవారం ల్యాబు కడిగి, ఆ చక్రాలు చూసి ఏమనుకుందో, బండకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టింది. తర్వాతి వారం ఆడపిల్లలు పూలు పెట్టారు. పరీక్షల ముందు ఎవరో టెంకాయ కూడా కొట్టారు. "వద్దని చెప్పండి సార్" అన్నాను. "నాకి ధైర్యం లేదు తల్లీ. దేవుడు కాదని చెప్పేకి నోరు రాదు. నువ్వు చెప్తావా?" అన్నారు. నేనూ చెప్పలేదు. ఇద్దరు బయాలజీ టీచర్లం ఒక పసుపుముద్దకు భయపడి ఏడాదిపాటు ఊరుకున్నాం. పసుపు పొరమీద పొరగా మందమవుతూ పోయింది.

రెండో ఏడాది పాఠం రోజు వచ్చింది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విప్పడం చూశాను. బండ ముందు నిలబడి దండం పెట్టడం చూశాను. కళ్ళకద్దుకుని, "క్షమించు తల్లీ, పిల్లోల్లకి చూపిచ్చల్ల," అని మెల్లగా అనడం కూడా విన్నాను. ఆ తర్వాతే తడిగుడ్డ తీసుకుని, ఒక మూల రెండు బొట్లు, కొంచెం పసుపు తుడిచారు. చక్రాలు బయటపడ్డాయి. "ఈ పాచే మనకంతా మొదటి అవ్వ" అని పాఠం మొదలుపెట్టారు.

కిటికీ పక్కనున్న పిల్లవాడు ఫోను దాచి తెచ్చాడని మాకెవరికీ తెలియదు. సాయంత్రానికి ఊరంతా తిరిగిన ఆ వీడియో పట్టుమని పది పదిహేను సెకన్లు ఉంటుంది. గుడ్డ బొట్టు మీద పడటంతో మొదలవుతుంది, అవ్వ అనే మాటతో ఆగిపోతుంది. దాని మీద ఎవరో రాశారు: దేవుడు లేడని చెప్పి దేవుడి బొట్టు తుడిచిన మాస్టారు.

మరుసటి రోజు పొద్దున ప్రార్థన కూడా జరగలేదు. గేటు దగ్గర యాభై అరవై మంది. వాళ్ళంతా కొత్తవాళ్ళు కారు, మా పిల్లల తండ్రులు, చిన్నాయనలు, మామూలు రోజుల్లో సారుకు నమస్తే పెట్టేవాళ్ళు. అదే నాకు ఎక్కువ భయమేసింది. ఆయన గదిలోంచి బయటికి వచ్చారు. చేతిలో చాక్‌పీసు అట్లాగే ఉంది.

"ఏమప్పా సారూ," అన్నాడు ముందున్న ఒకాయన, "మా దేవుని బొట్టు చెరిపేకి నువ్వెవురు?"

"చెరపలేదప్పా. గీతలు కనపడల్లని తుడిచినా."

"దేవుడు లేడన్నావా లేదా?"

"అనలేదు. నా నోట్నుంచి ఆ మాట రాదు."

"వీడియో అబద్ధం చెప్తాదా? అన్లేదనేకి ఎవురున్నారు నీ పక్క?"

అప్పుడు ఆయన వెనక్కి తిరిగి నావైపు చూశారు. ఏమీ అడగలేదు, ఊరికే చూశారు. ముందురోజు ల్యాబులో ఆయన కాకుండా ఉన్న పెద్దదాన్ని నేనొక్కదాన్నే. పిల్లల మాట ఎవరూ లెక్కపెట్టరు. నేను నేల వైపు చూశాను. నా చెప్పుల మీద తెల్ల దుమ్ము ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను, ఆయన చూపు తిప్పుకునేదాకా.

వారంలో ఎంక్వైరీ పడింది. ముందురోజు హెడ్మాస్టరు నన్ను పిలిచారు. "మేడం, మీరు ప్రొబేషన్లో ఉండారు. చూసినానంటే ఇటుపక్కోల్లు లాగుతారు, అటుపక్కోల్లు లాగుతారు. చూడలేదంటే ఒక్క కాగితంతో అయిపోతుంది. ఆయనకేముంది, రిటైరయిపోతాండాడు." ఇంటికి వెళ్తే మా ఆయనా అదే మాట అన్నారు. వాళ్ళు చెప్పారని రాశానని మాత్రం నేనెవరితోనూ అనను. వాళ్ళు చెప్పకపోయినా అదే రాసేదాన్ని. ఆఫీసరు ముందు కూర్చుని రాసిన వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "సదరు సమయంలో నేను వెనుక బెంచీలో నోట్సు రాసుకుంటున్నందున ముందు ఏమి జరిగినదీ చూడలేదు, వినలేదు."

ఇంకొక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఆయన ముందు చెప్పులు విప్పారు, దండం పెట్టారు, క్షమించమని అడిగారు, ఆ తర్వాతే తుడిచారు. ఇది రాసి ఉంటే ఆ వచ్చినవాళ్ళలో సగం మంది ఇళ్ళకు పోయేవాళ్ళు. వాళ్ళూ ఆ బండ మీద కాలు పెట్టని మనుషులే కదా. ఆయనా పెట్టలేదని వాళ్ళకు చెప్పే మనిషి లేకుండా పోయింది.

ఆయన్ని నందికొట్కూరు అవతల ఒక చిన్న బడికి మార్చారు. బండను ఊరివాళ్ళే ల్యాబులోంచి తీసి, గేటు పక్కన సిమెంటు దిమ్మె కట్టి, ఇనుప కటకటాల వెనక నిలబెట్టారు. ఇప్పుడు పండగలకు అభిషేకం కూడా చేస్తారట. పసుపు ఎంత మందంగా పట్టిందంటే, లోపల చక్రాలున్నాయన్న సంగతి కొత్త పిల్లలకు తెలియదు.

వెళ్ళే రోజు ఆయన టిఫిన్ సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చారు. నన్ను తిడితే బాగుండునని నిలబడ్డాను. "పాఠం సగంలో ఆగిపోయింది తల్లీ," అన్నారు. "తక్కిన సగం నువ్వు చెప్పు." తల ఊపాను. క్లాసుకు పోయి, గైడులో ఉంది చదువుకోండి అని చెప్పాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకు పుస్తకాలు మారాయి, పదో తరగతిలో ఆ పాఠమే పోయింది. దేశంలో పెద్ద పెద్ద వాళ్ళు అది ఉండాలనీ వద్దనీ వాదించుకున్నారు. నేను మాత్రం సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం. ఇప్పుడు ఓర్వకల్లు దగ్గర ఒక బడిలో పనిచేస్తున్నాను. మొన్నీమధ్య పదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "మేడం, పుస్తకంలో లేదు గానీ, మొదట మనిషి ఎట్ల వచ్చినాడు" అని అడిగింది. "పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ పిల్ల చూపు నాకెందుకో బస్టాండును గుర్తుచేసింది.

గ్రూపులో దండం పెట్టలేకపోయిన మనిషిని, మూడోరోజు నందికొట్కూరు వెళ్ళాను. గుమ్మం పక్కన ఆయన చెప్పులు ఇంకా ఉన్నాయి. వాటి పక్కన నావి విప్పాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పగానే, "ఓ, నువ్వా తల్లీ, కూచో," అంది. మంచినీళ్ళు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ ఎంక్వైరీ కాగితాలు సారు తెప్పిచ్చుకున్నాడు తల్లీ. నువ్వు రాసింది గూడా చదివినాడు."

గ్లాసు కింద పెట్టాను. "సారు ఏమన్నారమ్మా?"

"'నా మాదిరే భయపడింది, పాపం' అన్నాడు. అంతే. నాకి కోపమొచ్చింది, అబద్ధమెందుకు చెప్పను? శానా తిట్టినా నిన్ను. సారు తిట్టనీలేదు. ఏడాదికొకసారి, ఆ పాఠం చెప్పే నెల వస్తే మాత్రం, 'ఆయమ్మ చెప్తాందో లేదో' అనేటోడు." ఆమె నా ముఖంలోకి చూసింది. "చెప్తాండావా తల్లీ?"

లేదని చెప్పడానికే వెళ్ళాననుకుంటాను. నా నోటివెంట వచ్చింది మాత్రం, "చెప్తున్నానమ్మా."

ఆమె లేచి లోపలికి పోయింది. దేవుడి గూట్లో, పటాల పక్కన పెట్టిన రాయిముక్కను తెచ్చింది. టిఫిన్ సంచిలో ముప్పై ఏళ్ళు తిరిగిన ముక్క అది. దానిమీద పసుపు లేదు, బొట్టు లేదు. "అయితే నీ కాడ ఉండనీ," అని నా చేతిలో పెట్టింది.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చచ్చిపోయిన మనిషి గురించి బతికున్నప్పుడొక అబద్ధం రాశాను, పోయాకా ఆయన ఇంట్లో ఇంకొకటి చెప్పాను. మొదటిదాన్ని ఇక దిద్దలేను. రెండోదాన్ని నిజం చేయడానికి మాత్రం ఇంకా వీలుంది.

సోమవారం మూడో పీరియడు నాదే. పుస్తకంలో లేనిది చెప్పొద్దని మా హెడ్మాస్టరు చెబుతూనే ఉంటారు. గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి పోయాను, కుళాయి దగ్గర నీళ్ళు తాగాను. చివరికి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. కింద పరిచిన బండలు చల్లగా తగిలాయి. రాయిని బల్లమీద పెట్టి, దండం పెట్టి, కళ్ళకద్దుకున్నాను. మొన్న ప్రశ్న అడిగిన అమ్మాయే లేచింది.

"చెప్పులెందుకు ఇప్పినారు మేడం?"

జవాబు చెప్పబోతూ చివరి బెంచీ వైపు చూశాను. సంచి చాటున ఒక ఫోను లేచి ఉంది. దాని కన్ను తిన్నగా నా వైపే ఉంది. రాయి తీసి సంచిలో వేసుకుని, పరీక్షకు రాదు అని చెప్పేస్తే ఎవరూ ఏమీ అనరు. నిజంగానే చెయ్యి దాని దాకా పోయింది.

"వీడియో తీస్తున్నావా నాయనా?" అన్నాను.

వాడు ఫోను దించేశాడు. ముఖం తెల్లబోయింది. వాడికీ భయమే.

"తీసుకో. ఏమీ అనను. అయితే మొదట్నుంచి తీయి."

గుమ్మం బయటికి వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాను. ఫోను మళ్ళీ పైకి లేచేదాకా ఆగి, అందరికీ కనపడేట్టు ఒక్కొక్కటిగా విప్పాను.